బానెట్ కింద పొగాకు

ఆత్మకూరులో ఒక కార్ల షెడ్డులో ఫోర్‌మేన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ప్రైవేటు షెడ్డులో రిటైర్మెంట్ ఏమిటని మా ఉదయగిరిలో కొందరు నవ్వారు. నవ్విన వాళ్లెవరో నాకు గుర్తుంది. చేతులు వణకడం మొదలైంది, నట్టు పట్టు చిక్కడం మానేసింది, పని చాలించాను. దాన్ని నేను రిటైర్మెంట్ అనే అంటాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కార్లున్నవాళ్లు చదివినా నష్టం లేదు. చదవరని తెలుసు. కారుతోపాటు కంపెనీ ఇచ్చే పుస్తకాన్నే ప్లాస్టిక్ కవరు విప్పకుండా డాష్‌బోర్డు అరలో తోసేసి, దాని మీద టోల్ రసీదులూ తలనొప్పి మాత్రలూ వేసేవాళ్లు నేను రాసింది చదువుతారా? ఏ లైటు ఎందుకు వెలుగుతుందో, టైర్లలో గాలి ఎంత ఉండాలో, అన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. గాలి ఎంత పెట్టాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కమ్మీ మీద కూడా అంటించి ఉంటుంది. నా సర్వీసులో ఒక్క ఓనరూ ఆ కాగితం వంక చూసి గాలి పట్టించలేదు. గాలి కొట్టేవాడు ఎంత అంటే అంత.

సగం పని చెవులతో

రెంచీ పట్టుకోవడమే పని అనుకుని వస్తారు పిల్లలు. ఓనర్ చెప్పేది వినడం పని. వాళ్లు చెప్పేదొకటి, బండి చెప్పేదొకటి. "ఏందో సౌండ్ వస్తాండాది, చూడు" అని తాళం చెవి విసిరేసి టీ అంగడికి పోతారు. పోనీయవద్దు. చెయ్యి పట్టుకుని ఆపి అడగండి. పొద్దున్నే వస్తుందా, బండి వేడెక్కాక వస్తుందా? స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా, గుంటలో పడినప్పుడా? తిప్పినప్పుడు టకటకమంటే ముందు చక్రాల యాక్సిల్ జాయింటు చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు ఇనుము మీద ఇనుము గీసినట్టుంటే ప్యాడ్లు అయిపోయాయి, ఆ బండిని మళ్లీ రోడ్డెక్కనీయకూడదు. ఈ ప్రశ్నలు అడగకుండా బండి విప్పేవాడు మెకానిక్ కాడు.

లైట్ల సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. పసుపు లైటు వెలిగితే వీలు చూసుకుని షెడ్డుకు రావచ్చు. ఎర్ర లైటు వెలిగితే ఉన్నచోటే ఆపాలి. మర్రిపాడు నుంచి ఒకాయన బండిని ట్రాక్టర్‌కు తాడు కట్టి లాక్కొచ్చాడు. ఇంజను బిగుసుకుపోయింది. మీటర్ల దగ్గర చూస్తే ఆయిల్ లైటు మీద ఆడవాళ్లు పెట్టుకునే స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.

"ఇదేంది సామీ?"

"అది వెలిగి కళ్లల్లోకి కొడతాంటే మా ఇంటిది అంటించింది. ఎందుకు, అది గూడా పనికొచ్చేదేనా?"

ఇంజను మొత్తం దించాల్సి వచ్చింది. ఆయన ఊళ్లో చెప్పుకున్నదేమిటంటే, "ఆత్మకూరులో ఆ రత్నం చెయ్యి పెట్టినాడు, ఇంజను పోయింది" అని. రత్నం అంటే నేనే.

ఇంకొకాయన కలిగిరి నుంచి కొత్త బండితో వచ్చాడు. వెనక్కి పోతుంటే తెర మీద లోకమంతా ఎర్రగా కనిపిస్తోందన్నాడు. కెమెరా మార్చాలేమోనని భయపడుతున్నాడు. బండి వెనక చూస్తే, పూజ చేసినప్పుడు కెమెరా అద్దం మీదే ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. తడిగుడ్డతో తుడిచాను. దానికి ఆయన, "అడక్కుండా తుడిచేస్తావా? మీ చర్చివాళ్లకు ఇయ్యన్నీ పట్టవులే" అన్నాడు. బొట్టు రెండంగుళాలు పక్కన పెట్టుకోమని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. పని బాగుచేసిన చోటే మాట పడటం ఈ వృత్తిలో మామూలు. మామూలే గానీ మరిచిపోవాలని ఎక్కడా లేదు.

నీళ్లు, న్యూట్రల్

ఉదయగిరి వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ప్రతి ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు. అదే నీళ్లు తెచ్చి రేడియేటర్లో పోస్తారు మగవాళ్లు. లోపల సన్నటి గొట్టాలు. పొర కట్టి, పూడిపోయి, ఎండాకాలంలో పెళ్లి బృందం ఎక్కిన రోజే బండి ఉడుకుతుంది. కూలెంట్ పోయండి. దానిలో కలిపే నీళ్లు కూడా బ్యాటరీలకు పోసే నీళ్లయి ఉండాలి. బండి ఉడికినప్పుడు మూత తిప్పవద్దు. పక్కకు ఆపి, ఇంజను ఆపి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లబడేదాకా నీడలో కూర్చోండి. మూత తిప్పి మొహం కాల్చుకున్నవాణ్ని ఆసుపత్రికి మోసుకుపోయాను, ఆ మనిషి తర్వాత షెడ్డుకొచ్చి నా చొక్కాకు అంటిన మరకల సంగతి అడగలేదు, కనీసం పలకరించలేదు.

బద్వేలు నుంచి మర్రిపాడుకు కొండ దిగేటప్పుడు బండిని న్యూట్రల్ చేసి వదిలేస్తారు మనవాళ్లు, డీజిలు మిగులుతుందని. కొందరైతే ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆగితే స్టీరింగ్ రాయిలా అవుతుంది, బ్రేకు రెండు తొక్కుళ్ల తర్వాత కిందికి దిగదు. ఎక్కిన గేరులోనే దిగాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "ముప్పై ఏళ్లుగా ఇట్టనే దిగతాండాం" అంటారు. దిగలేకపోయినవాళ్లు వచ్చి చెప్పరు కాబట్టి.

ఎలుకలు

ఇప్పుడు నేను రాయాలని కూర్చున్నది రాస్తాను.

మా వైపు కార్లకు పెద్ద శత్రువు రోడ్డు కాదు, ఎలుక. ఆగిన బండి ఇంజను వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. పక్కన దాణా మూటలు గానీ వేరుశనక్కాయల బస్తాలు గానీ ఉంటే చెప్పనక్కరలేదు. పొద్దున బండి స్టార్టు కాదు. బానెట్ తెరిస్తే వైర్ల మీది తొడుగు కొరికి, బానెట్ లోపలి దూది చాపను పీకి, గూడు కట్టుకుని ఉంటుంది.

చేయాల్సింది చిన్న సంగతే. ధాన్యానికీ దాణాకూ దూరంగా బండి పెట్టండి. బండిలో తిండి వదలవద్దు. కప్పు కిందే పెట్టేటట్టయితే రాత్రి బానెట్ పైకెత్తి వదలండి, మరుగు లేకపోతే ఎలుక గూడు కట్టదు. గాలి లోపలికి పోయే దారికి సన్నటి ఇనుప వల వేయించండి. రోజూ కాకపోయినా రెండు మూడు రోజులకొకసారి బండి తిప్పండి. కొరికిన వైరు కనపడితే టేపు చుట్టి సరిపెట్టవద్దు.

ఇవి చేయకుండా మా వైపువాళ్లు ఒక పని చేస్తారు. ఇంట్లో పండిన పొగాకు తెచ్చి బానెట్ కింద పెడతారు. కలిగిరి, కొండాపురం వైపు పొగాకు పండే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆకుకు కొదవ లేదు. ఆ ఘాటుకు ఎలుక రాదని నమ్మకం. నాలుగు రోజులు రాదు, నిజమే. తర్వాత అలవాటుపడుతుంది. ఆకు మాత్రం అక్కడే ఉండి ఎండి పెళపెళలాడుతుంది. ఇంజను పక్కనే పొగ బయటికి పోయే గొట్టం ఎంత కాగుతుందో తెలియనివాడే అక్కడ ఎండుటాకు పెడతాడు. సర్వీసుకు వచ్చిన ఏ బండిలో ఆకు కనిపించినా తీసి ఓనర్ చేతిలో పెట్టి, "పొగాకు పెట్టబాకండి" అని చెప్పేవాణ్ని. చేతిలో పెట్టి మరీ చెప్పేవాణ్ని. ఇది గుర్తుపెట్టుకోండి.

మా ఓనర్ ఫోను

మా షెడ్డు ఓనర్ పేరు మస్తానయ్య. పని తెలిసినవాడు కాదు, మనుషులు తెలిసినవాడు. అతనిలో నాకు మొదట నచ్చిన గుణం ఒకటుంది. నేను బండి కింద పడుకుని ఉంటే, ఫోను చేసినవాళ్లకు తనే సమాధానం చెప్పి చివర్లో, "మా రత్నం చూసి చెప్పినాడు" అనేవాడు. కింద పడుకుని వినేవాణ్ని. ఎన్నో షెడ్లలో ఓనర్లు పనివాడి పేరు నోటితో పలకరు. ఈయన పలుకుతున్నాడు కదా అని సంతోషపడ్డాను. నేను చూడని బండ్ల గురించి కూడా చూసి చెప్పానంటున్నాడని అప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజు

కొండాపురం మండలంలో ఒక పెద్ద పొగాకు రైతు, మాలకొండారెడ్డి. ఇంట్లో కార్లు, ట్రాక్టర్లు, బంధువుల బండ్లు, అన్నీ మా షెడ్డుకే వచ్చేవి. మనిషి చెడ్డవాడని అనను. నా కన్నా వయసులో చిన్నవాడు, నన్ను మాత్రం "రత్నం, ఇట్రా" అనేవాడు. నేను "రెడ్డిగారూ" అనేవాణ్ని. ఈ తేడా గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు, నేను తప్ప.

ఒక మధ్యాహ్నం అతని కారును ట్రాక్టర్‌తో లాక్కొచ్చి షెడ్డు వాకిట్లో నిలబెట్టారు. బానెట్ రంగు ఉబ్బి పెచ్చులూడింది. లోపల వైర్లన్నీ కరిగి ముద్దయ్యాయి. దారిలో ఏసీ గాలిలోంచి పొగ వచ్చిందట. బండిలో అతని కోడలు, ఒళ్లో మనవరాలు. డ్రైవరు బుద్ధిమంతుడు, వెంటనే పక్కకు ఆపి ఇద్దరినీ దించి, రోడ్డు పక్క ఇసుక దోసిళ్లతో పోసి ఆర్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే ఏమిటన్నది బండి వెంట వచ్చిన మాలకొండారెడ్డి మొహంలోనే ఉంది.

బానెట్ తెరిచాను. కాగే గొట్టం పక్కన, తాటి నారతో కట్టిన ఆకుల కట్ట, సగం కాలింది.

"రెడ్డిగారూ, ఇది ఎవరు పెట్టినారు?"

"ఎవరు పెట్టేది? నువ్వే గదరా పెట్టమనింది!"

అరవై దాటినవాణ్ని నన్ను రా అన్నాడు. షెడ్డులో సొట్టలు తీసే టింకర్, ఎలక్ట్రీషియను, పెయింటర్, టీ తెచ్చిన మనిషి, బండి సర్వీసుకు తెచ్చిన ఇద్దరు కస్టమర్లు, అందరూ ఉన్నారు.

"నేను చెప్పలా. పెట్టొద్దని చెప్పేవాణ్ని నేను."

"నా మనవరాలు కాలిపోయేదిరా ఈ పొద్దు! మళ్లీ చెప్పలేదంటావా?"

మస్తానయ్య నన్ను పక్కకు తీసుకుపోయాడు. "పెద్దాయన, కోపంలో ఉండాడు. బిడ్డ సంగతి గదా. ఒక్కమాట అనెయ్ రత్నం. పోయేదేముండాది?"

"నేను చెప్పలేదని నీకు తెలుసు గదా?"

"తెలుసు. నాకోసం అను."

నాకు తెలుసు, అతనికి తెలుసు, దేవుడికి తెలుసు అనుకున్నాను. వాకిట్లోకి వచ్చి చేతులు జోడించి, "తప్పయిపోయింది రెడ్డిగారూ" అన్నాను. నేను అంటున్నప్పుడు మస్తానయ్య నా వైపు చూడలేదు. వంగి, కింద పడి ఉన్న స్పానర్ తీసి పెట్టెలో పెట్టాడు. ఎన్నడూ స్పానర్ తాకని మనిషి.

పేరు

కొత్తగా వచ్చే పిల్లలకు చెబుతున్నాను. మన పనిలో ఉన్నది మాట ఒక్కటే. రెంచీలు ఓనర్‌వి, షెడ్డు ఓనర్‌ది, బండి కస్టమర్‌ది. బ్రేకు వేయించు, టైరు మార్చు, ఈ బండితో నెల్లూరు పోవద్దు అని మనం చెబితే వాళ్లు వినాలి. వినడం మానేస్తే మనం ఉత్త కూలివాళ్లం.

ఆ వారం నుంచే మొదలైంది. "ఏంది రత్నమన్నా, బీడీ ఎక్కడ ముట్టించినావు?" అన్నాడు పెయింటర్. నెల తిరిగేసరికి ఉదయగిరి బస్సులో కండక్టర్ కూడా, "పొగాకు రత్నం వచ్చినాడు, సీటియ్యండి" అన్నాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన చుట్ట తీసి నా వైపు చూపించి నవ్వాడు. నేను చుట్ట తాగను, బీడీ తాగను, నా జన్మలో పొగాకు నోట పెట్టలేదు.

నవ్వితే నవ్వారు. అసలు నష్టం వేరే ఉంది. ఆత్మకూరులోనే ఒక స్కూలు టీచరమ్మ, బ్రేకు ప్యాడ్లు అరిగాయి, ఈ బండితో పోవద్దమ్మా అంటే, మొగుడి వైపు చూసి నవ్వి, "ఈయన మాట వింటే బండి తగలబడుతుందంట" అంది. మొగుడు బండి తీసుకుపోయాడు. ఊరి బయట గేదెను గుద్దాడు. ఆయన కాలు విరిగింది. ఆమెను నేను తప్పుపట్టను. ఆమెకు ఆ మాట అందించిన వాళ్లను తప్పుపడతాను. అంతకు ముందైతే నేను పోవద్దంటే ఆ బండి కదిలేది కాదు.

ఆ తర్వాత పొగాకు పెట్టవద్దని చెప్పడం కూడా నాకు చేతకాలేదు. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాడు నవ్వు బిగపట్టేవాడు. ఆకు తీసి మౌనంగా చెత్తబుట్టలో వేసేవాణ్ని. అట్లా ఇంకొన్నేళ్లు చేసి మానేశాను. నేను పని మానేసిన రోజు షెడ్డులో శాలువా కప్పారు. కప్పుతూ మస్తానయ్య, "మా రత్నం మాటంటే ఈ చుట్టుపక్కల వేదం" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మాలకొండారెడ్డి మా ఇంటికొచ్చాడు

మొన్న ఎండాకాలం. మాలకొండారెడ్డి కొత్త కారుతో ఉదయగిరిలో మా ఇంటి ముందు ఆగాడు. ముసలివాడయ్యాడు. తనే దిగి తలుపు కొట్టాడు.

"రత్నం, ఉండావా? ఏసీలో ఘాటు వాసనొస్తాండాది. దగ్గు. షెడ్డులో పిల్లకాయలకు ఏం తెలవడం లేదు. నువ్వొకసారి చూడు."

చూడననే చెప్పాలి. చెప్పలేకపోయాను. వాసన వస్తుందంటే నా చెయ్యి బానెట్ మీదికి పోతుంది, అది నా చేతి జబ్బు. తెరిచాను. బ్యాటరీ పక్కన, తాటి నారతో కట్టిన పొగాకు కట్ట. ఆకు నలిగి పొడయి గాలి దారిలో పడింది, అది ఏసీలోకి పోతోంది.

కట్ట బయటికి తీసి అతని ముందు పట్టుకున్నాను.

"ఇదేంది రెడ్డిగారూ?"

"నువ్వు చెప్పిందే గదా. అప్పుడు సైలెన్సర్ గొట్టం పక్కన పెట్టడం మా వాళ్ల తప్పు. ఈ తూరి బ్యాటరీ కాడ పెట్టించినా."

"తగలబడిన తర్వాత కూడా నేను చెప్పానని పెట్టినారా?"

"నీ మాట ఎప్పుడన్నా తప్పినాదా రత్నం? పెట్టిన చోటు తప్పు గానీ."

కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. అడిగాను. "నేను ఈ మాట మీకు ఎప్పుడు చెప్పినాను? ఎక్కడ నిలబడి చెప్పినాను?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నువ్వు చెప్పలా. ఫోన్ చేస్తే మస్తానయ్య చెప్పినాడు. ఎలకలు కొరకతాండాయంటే, 'మీ ఇంట్లో ఉండేదే గదా, నాలుగు ఆకులు పెట్టుకోండి, మా రత్నం చెప్పినాడు' అనినాడు. నీ పేరు చెప్పినాడని పెట్టినా. లేకుంటే నేను పెడతానా?"

"ఆ రోజు షెడ్డులో ఈ మాట ఎందుకు అనలేదు రెడ్డిగారూ?"

"నువ్వు చేతులు జోడించి తప్పయిపోయిందంటివే! ఇంక నేనేం అడిగేది?"

ఇది రాసిపెట్టుకోండి. చేయని తప్పుకు చేతులు జోడిస్తే, అది మర్యాద అనుకుంటాం మనం. ఎదుటివాడికి అది సాక్ష్యం.

మాలకొండారెడ్డి మీద ఇన్నేళ్లు పెట్టుకున్న కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. నన్ను అడగకుండా నమ్మాడు, అడగకుండా తిట్టాడు. రెండిట్లోనూ నన్ను అడిగే పని పెట్టుకోలేదు. ఆ మాటే మొహాన అన్నాను. అతను తల వంచుకుని, "ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

అదే వాకిలి

అతని కారులోనే ఆత్మకూరు పోయాం. ముందు సీటులో కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

మస్తానయ్య కుర్చీలో ఉన్నాడు, మోకాళ్ల నొప్పులతో లేవలేక. వాకిట్లో నలుగురైదుగురు మెకానిక్‌లు. నాకు ఒక్క మొహమూ తెలియదు. టింకర్ చనిపోయాడు. ఎలక్ట్రీషియన్ చెన్నైలో ఎక్కడో ఉన్నాడు. పెయింటర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. టీ అంగడి తీసేశారు.

మాలకొండారెడ్డి మాట తప్పలేదు. వాకిలి మధ్యలో నిలబడి గట్టిగా చెప్పాడు. "ఆ పొద్దు పొగాకు పెట్టమనింది రత్నం కాదు. మస్తానయ్య ఫోన్లో చెప్పినాడు. నేను రత్నాన్ని అనరాని మాటన్నాను. తప్పు నాది."

ఒకడు టైరుకు గాలి పడుతూ తలెత్తి చూసి మళ్లీ వంగాడు. ఇంకొకడు, "ఏ పొగాకు సార్?" అన్నాడు. ఎవరు చెబుతారు వాడికి? ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి? నన్ను చూసి నవ్వినవాళ్లలో ఒక్కడూ అక్కడ లేడు. విన్నవాళ్లకు నేనెవరో తెలియదు.

మస్తానయ్య బుకాయించలేదు. "నీ పేరు చెప్తే వింటారని చెప్పినా రత్నం. నా పేరు చెప్తే ఎవరు వింటారు?"

"ఆ రోజు నోరు విప్పి ఉండొచ్చు గదా."

"ఓనర్ తప్పని తెలిస్తే షెడ్డు మూతపడతాది. పనోడి తప్పంటే ఒక పూటతో పోతాదనుకున్నా."

"పోలేదు."

"పోలేదు," అన్నాడు.

అప్పుడు అతని ఫోను మోగింది. అవతలివాడు గట్టిగా మాట్లాడుతున్నాడు, నాకు వినిపిస్తోంది. కొత్త కారు, ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయి, ఏం చేయాలి అని. మస్తానయ్య నోరు తెరిచి, నా వైపు చూసి, నోరు మూసుకుని ఫోను నా చేతికిచ్చాడు. అతను నాకు చేసిన మేలంటూ ఉంటే అదే.

"రత్నాన్ని మాట్లాడతాండా," అన్నాను. "వినండి. పొగాకు పెట్టబాకండి."

"ఏ రత్నం?"

"ఫోర్‌మేన్ రత్నం. ఈ షెడ్డులో ఫోర్‌మేన్‌గా చేసినాను."

"నాకు తెలవదే. మస్తానయ్య లేడా? ఆయనకియ్యి."

మస్తానయ్య చెయ్యి ముందుకు చాపాడు, ఫోను కోసం. ఇవ్వలేదు. అవతల బండి ఉంది. ఆ బండిలో ఎక్కే మనుషులున్నారు.

"పొగాకు రత్నాన్ని," అన్నాను.

"ఓ! నువ్వా సామీ! అట్ట చెప్పవేం?" అతని గొంతు వెంటనే మారిపోయింది. "మా మామ ఎప్పుడూ నీ పేరే చెప్తాంటాడు. చెప్పు, చెప్పు. ఎన్ని ఆకులు పెట్టమంటావు?"

వాకిట్లో ఉన్న ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఫోన్ పెట్టబాకు," అన్నాను. "బండి కాడికి పొయ్యి బానెట్ తెరువు. నేను నీతో చెప్తాండేది ఇదే మొదటిసారి. పూర్తిగా విను."